హెచ్‌ఎం కాబోయే ముందు విశ్వవిద్యాలయ కోర్సు చేయాలా? చేస్తే ఏది చూసి చేరాలి?

మీరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంటుగా 17 ఏళ్లు పూర్తి చేశారు. సీనియారిటీ జాబితాను బట్టి మరో రెండేళ్లలో ప్రధానోపాధ్యాయ పదోన్నతి వచ్చేలా ఉంది. ఈలోగా ఏదైనా విశ్వవిద్యాలయంలో స్కూల్ లీడర్‌షిప్ కోర్సు చేస్తే బడి నడపడం నిజంగా వస్తుందా, లేక సర్వీసు రిజిస్టరులో మరో ఎంట్రీగా మిగిలిపోతుందా, చేరేట్లయితే ఏది చూసి చేరాలి అని అడిగారు.

ఉపయోగం ఉంది, అయితే ఒక షరతు మీద. ఆ కోర్సు మిమ్మల్ని మీది కాని మరో బడిలో, పని తెలిసిన ప్రధానోపాధ్యాయుడి పక్కన, తప్పు జరిగితే మీరే జవాబు చెప్పుకోవలసిన బాధ్యతతో కొన్ని నెలలైనా నిలబెట్టాలి. సిలబస్ ఎంత ఘనంగా ఉన్నా, ఇంటర్న్‌షిప్ లేని కోర్సులో చేరకండి. పదోన్నతి కోసమే అయితే అసలు అక్కరలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ గెజిటెడ్ హెచ్‌ఎం పదోన్నతికి సీనియారిటీని, శాఖాపరమైన పరీక్షలను చూస్తారే గానీ ఈ డిప్లొమాలను చూడరు.

నేను 13 ఏళ్లు జెడ్పీ ఉన్నత పాఠశాలల్లో గెజిటెడ్ హెచ్‌ఎంగా చేసి విరమణ పొందాను. తరువాత ఆరేళ్లుగా ఒక విశ్వవిద్యాలయంలో స్కూల్ లీడర్‌షిప్ డిప్లొమా చదివే ఉపాధ్యాయులకు మెంటరుగా ఉంటున్నాను. అందువల్ల ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూశాను.

మన దగ్గర హెచ్‌ఎం కాబోయేవారిని శాఖ పరీక్షించేది ఈఓటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్స్ టెస్ట్), జీఓటీ (గెజిటెడ్ ఆఫీసర్స్ టెస్ట్) అనే శాఖాపరమైన పరీక్షలతోనే. ట్రెజరీ కోడు, ఫైనాన్షియల్ కోడు, సెలవు నిబంధనలు, శాఖ ఉత్తర్వులు తెలియనవసరం లేదని ఎవరూ అనరు. డీడీఓగా, అంటే బడి తరఫున డబ్బు డ్రా చేసి పంచే అధికారిగా, సంతకం పెట్టేవారికి జీతాల బిల్లు, క్యాష్‌బుక్కు, అక్విటెన్సు (జీతం ముట్టినట్టు సంతకాలు చేసే పట్టిక) అర్థం కాకపోతే మొదటి ఆడిట్‌లోనే తల దించుకోవలసి వస్తుంది. నేను ఆ పరీక్షలన్నీ మొదటి ప్రయత్నంలోనే పాసయ్యాను. అయినా హెచ్‌ఎంగా చేరిన మొదటి వారంలో పెట్టిన స్టాఫ్ మీటింగులో 40 నిమిషాలు పదో తరగతి ఫలితాల గురించి నేనొక్కడినే మాట్లాడాను. 14 మంది ఉపాధ్యాయులు మినిట్స్ పుస్తకంలో సంతకాలు పెట్టి ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. పదోన్నతి వద్దని రాసిచ్చి స్కూల్ అసిస్టెంటుగానే ఉండిపోయిన ఒక మాస్టారు అక్కడ ఉండేవారు. సర్వీసులో నాకంటే సీనియరు. ఆయన పాఠం పిల్లలకు అందడం లేదని నాకు తెలుసు. ఆ మాట ఆయనతో ఎలా అనాలో, అసలు అనే అర్హత నాకు ఉందో లేదో తేల్చుకోలేక రెండేళ్లు ఊరుకున్నాను. ఆ రెండేళ్లలో రెండు బ్యాచ్‌ల పిల్లలు ఆయన చేతి మీదుగా పదో తరగతి పరీక్షకు వెళ్లారు. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఏ కోడులోనూ రూలు లేదు.

మంచి కోర్సు పూరించవలసిన ఖాళీ ఇదే. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయానికి చెందిన వివియన్ రాబిన్సన్, ఆమె సహచరులు అంతకుముందు జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి, ప్రధానోపాధ్యాయుడు చేసే ఏ పని పిల్లల చదువు మీద ఎంత ప్రభావం చూపుతుందో 2008లో లెక్కగట్టారు. అంకె పెద్దదైన కొద్దీ ప్రభావం ఎక్కువని అర్థం. క్రమశిక్షణ గల వాతావరణానికి 0.27, వనరులు సమకూర్చడానికి 0.31, లక్ష్యాలు నిర్ణయించడానికి 0.42, బోధనను ప్రణాళిక వేసి సమీక్షించడానికి కూడా 0.42 వచ్చింది. ఉపాధ్యాయులు నేర్చుకునే ఏర్పాటు చేసి, వారితో పాటు తానూ కూర్చుని నేర్చుకోవడానికి 0.84 వచ్చింది. ఈ చివరి అంకె కొద్దిపాటి అధ్యయనాల నుంచి వచ్చింది కనుక దశాంశాలు పట్టుకుని వేలాడనక్కరలేదు గానీ, వరుస మాత్రం నా అనుభవానికి సరిపోయింది. మన హెచ్‌ఎంల రోజును మింగేసేవి ఆ వరుసలో అడుగున ఉన్న రెండు పనుల కిందికి వచ్చేవే: గేటు దగ్గర నిలబడటం, గదుల మరమ్మతులు, బిల్లులు, యాప్‌లో ఫోటోలు.

హెచ్‌ఎం మారితే పిల్లల చదువు అంత మారుతుందా అని కూడా అడిగారు. అమెరికాలో వాలెస్ ఫౌండేషన్ 2021లో వెలువరించిన పరిశోధనా సమీక్ష ప్రకారం, పనితీరులో కింది పాతిక శాతం అంచున ఉన్న ప్రిన్సిపాలు స్థానంలో పై పాతిక శాతం అంచున ఉన్నవారు వస్తే, ఏడాదిలో ఆ బడి పిల్లలకు గణితంలోనూ పఠనంలోనూ దాదాపు మూడు నెలల అదనపు చదువుతో సమానమైన లాభం కలుగుతుంది. ఒక మంచి ఉపాధ్యాయుడి ప్రభావం ఆయన తరగతికే పరిమితం. హెచ్‌ఎం ప్రభావం బడిలో ప్రతి గదికీ చేరుతుంది.

అయితే గదికి చేరడం అంటే వరండాలో తిరగడం అనుకోకండి. ఫ్లోరిడాలోని మయామీ-డేడ్ జిల్లాలో సుమారు 100 మంది ప్రిన్సిపాళ్లను పరిశోధకులు రోజంతా వెంట ఉండి గమనించారు. 2013లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఉపాధ్యాయులతో కూర్చుని వారి బోధన గురించి మాట్లాడటానికి ఎక్కువ సమయం పెట్టినచోట పిల్లల ప్రగతి బాగుంది. ఊరికే తరగతుల్లోకి తొంగిచూసి వెళ్లే సమయం ఎక్కువైనచోట, ముఖ్యంగా హైస్కూళ్లలో, ప్రగతి తగ్గింది. మనం ‘రౌండ్స్’ అని గొప్పగా చెప్పుకునేది సరిగ్గా ఈ తొంగిచూడటమే. నేను రోజుకు మూడు రౌండ్లు కొట్టేవాడిని.

ఇంటర్న్‌షిప్‌లో ఏం నేర్చుకోవాలో చెప్పడానికి ఒక సంఘటన రాస్తాను. రెండేళ్ల కిందట నా దగ్గర ఉన్న ఒక సాంఘికశాస్త్రం టీచరు గారిని, తన బడికి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న మరో హైస్కూలుకు ఇంటర్న్‌గా పంపాము. అక్కడి హెచ్‌ఎం గారి అనుమతితో, ఆ మాస్టారి ఒప్పుదలతో, ఎనిమిదో తరగతి భౌతికశాస్త్రం పీరియడులో ఆమె వెనక బెంచీలో కూర్చున్నారు. మొదటిసారి రాసుకొచ్చిన కాగితంలో ఇలా ఉంది: ‘ఉపాధ్యాయుడు చక్కగా బోధించారు. నల్లబల్ల వినియోగం బాగుంది. విద్యార్థుల భాగస్వామ్యం ఇంకా పెంచాలి.’ మన తనిఖీ నివేదికలన్నీ ఇలాగే ఉంటాయి. ఒక బడిది తీసి మరో బడికి అతికించినా ఎవరికీ తేడా తెలియదు. నేను ఆ కాగితం తిరిగి ఇచ్చి, ఈసారి అభిప్రాయాలేమీ వద్దు, గదిలో బెంచీల పటం గీసుకుని, మాస్టారు ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఎవరిని అడిగితే వారి బెంచీ మీద ఒక గీత పెట్టుకుని రండి అన్నాను.

రెండోసారి తెచ్చిన పటం మీద 26 గీతలున్నాయి. అందులో 21 మొదటి రెండు బెంచీల మీద పడ్డాయి. కిటికీ వైపు ఆడపిల్లల వరుసలో మూడో బెంచీ నుంచి చివరి దాకా ఒక్క గీత కూడా లేదు. ఆ మాస్టారు శ్రద్ధ లేని మనిషేమీ కాదు. పాఠానికి తయారై వచ్చి, సొంత డబ్బుతో అయస్కాంతాలు కొని తెచ్చిన మనిషి. ఆయనతో ఏమంటారని మా టీచరు గారిని అడిగితే, “వెనక బెంచీలను మీరు పట్టించుకోవడం లేదు సార్ అంటాను” అన్నారు. అలా అంటే ఆయన రేపటి నుంచి మిమ్మల్ని గదిలోకి రానిస్తారా అని అడిగాను. అప్పుడు నేనే ఆ మాస్టారి పాత్ర వేసి, ఆమెతో ఆ సంభాషణను మూడుసార్లు అభ్యాసం చేయించాను. చివరికి ఆమె చేసింది చాలా చిన్న పని. మధ్యాహ్నం లీజర్ పీరియడులో పటాన్ని ఆయన ముందు పెట్టి, “ఈ గీతలు చూస్తే మీకేమనిపిస్తోంది సార్?” అని అడిగి, ఆ తరువాత నోరు మెదపకుండా కూర్చున్నారు.

ఆయన చాలాసేపు చూసి, “ఆ వరుసలో ముగ్గురికి చదవడమే రాదమ్మా. లేపితే నోట మాట రాక నిలబడిపోతారు. అందరి ముందూ వాళ్లను అలా చూడలేక అడగడం మానేశాను” అన్నారు. మేము నిర్లక్ష్యం అనుకున్నది మొహమాటమని తేలింది. రోగం వేరైతే మందు కూడా వేరే. ప్రశ్నలు సమంగా అడగండి అని చెబితే ఆ ముగ్గురికీ ఒరిగేది ఏమీ లేదు. వాళ్లకు ముందు చదవడం రావాలి. మా టీచరు గారు ఆ బడి హెచ్‌ఎం గారితో మాట్లాడి, తెలుగు పండితుల వారిని ఒప్పించి, ప్రేయర్ అయ్యాక 20 నిమిషాలు చదివించే సమయాన్ని టైమ్‌టేబుల్‌లోకి తెచ్చారు. అందుకోసం మిగతా పీరియడ్లన్నీ తలా మూడు నిమిషాలు కుదించవలసి వచ్చింది. ఇద్దరు ఉపాధ్యాయులు గొణిగారు. ఆ గొణుగుడును ఎలా ఎదుర్కోవాలన్నది మరుసటి వారం మా పాఠం అయింది. గమనించడం, మాట్లాడటం, కారణం కనుక్కోవడం, దాని కోసం బడి ఏర్పాటును మార్చడం, మార్పు నచ్చనివారిని కలుపుకుపోవడం, ఈ గొలుసు మొత్తం ఒకసారి మీ చేతుల మీదుగా జరగాలి. ‘విద్యా నాయకత్వ సిద్ధాంతాలు’ అనే పేపరు రాసి దీన్ని నేర్చుకున్నవారిని నేను చూడలేదు.

ఇలాంటి సాధనను కోర్సు నడిమధ్యన పెట్టిన విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. అమెరికాలో కూడా మొదటి నుంచీ ఇలా లేదు. కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీకి అప్పటి అధ్యక్షుడైన ఆర్థర్ లెవిన్ 2005లో ఒక నివేదిక రాసి, ప్రధానోపాధ్యాయులను తయారుచేసే కోర్సుల్లో ప్రవేశ ప్రమాణాలు తక్కువనీ, పాఠాలకూ బడి పనికీ పొంతన లేదనీ, చాలామంది ఉపాధ్యాయులు జీతం పెంపు కోసం క్రెడిట్లు పోగేసుకోవడానికే చేరుతున్నారనీ విమర్శించారు. మనవాళ్ల గురించే రాశాడా అనిపిస్తుంది. అప్పటికే దారి మార్చుకున్న వాటిలో షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఒకటి. 2003లో మొదలైన వారి డాక్టరేట్ కార్యక్రమంలో అభ్యర్థి ఒక ఏడాది పూర్తికాలం, జీతంతో, అనుభవజ్ఞుడైన ప్రిన్సిపాలు దగ్గర ప్రభుత్వ బడిలో పనిచేయాలి; తాను ప్రిన్సిపాలు అయ్యాక కూడా విశ్వవిద్యాలయం నియమించిన కోచ్ వెంట ఉంటారు. 2010లో ఇల్లినాయ్ రాష్ట్రం చట్టాన్నే మార్చి, పాత సాధారణ పరిపాలనా సర్టిఫికెట్‌ను తీసేసి, ప్రిన్సిపాళ్లకు ప్రత్యేక అర్హతను తెచ్చి, కోర్సులన్నీ కొత్తగా ఆమోదం పొందాలని నిర్దేశించింది.

మనకు ఇంకా దగ్గరగా అనిపించేది మిసిసిపిలోని డెల్టా స్టేట్ విశ్వవిద్యాలయం. అది పేద గ్రామీణ ప్రాంతంలోని చిన్న విశ్వవిద్యాలయం. ఉపాధ్యాయుల ఏడాది జీతాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరించే ఒక సెలవు పథకం ఆసరాగా, వారిని తరగతి నుంచి విడిపించి పూర్తికాలపు ఇంటర్న్‌షిప్ చేయించింది. డబ్బున్న నగరాలకే సాధ్యం అనేవారికి నేను ఎప్పుడూ ఈ ఉదాహరణ చెబుతాను. సింగపూర్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ 2001 నుంచి వైస్ ప్రిన్సిపాళ్ల కోసం నడిపిన ఆరు నెలల పూర్తికాలపు కార్యక్రమానికి అభ్యర్థులను విద్యాశాఖే ఎంపిక చేసి, ఆ ఆరు నెలలూ పూర్తి జీతం ఇచ్చింది. సర్టిఫికెట్‌ను తప్పనిసరి చేస్తే చాలదా అంటే, ఇంగ్లండ్ 1997లో ప్రారంభించిన హెడ్‌షిప్ అర్హతను 2009లో కొత్త ప్రధానోపాధ్యాయులకు తప్పనిసరి చేసి, 2012లో మళ్లీ ఐచ్ఛికం చేసింది. తప్పనిసరి చేసినంత మాత్రాన పని పూర్తి కాదు.

మన దేశంలో ఉన్నవాటిని ఒకే గాటన కట్టకూడదు. ఢిల్లీలోని నీపాలో (జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థలో) 2012లో జాతీయ స్కూల్ లీడర్‌షిప్ కేంద్రం ఏర్పడింది. బోధనాభ్యసనను మార్చడం, బృందాన్ని నడిపించడం, ఊరితో భాగస్వామ్యం వంటి అంశాలతో పాఠ్యప్రణాళిక తయారుచేసింది. స్కూల్ లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్‌లో డిప్లొమానూ, ఉచిత ఆన్‌లైన్ కోర్సునూ నడిపింది. ఈ అంశాల మీద మన బడి పరిస్థితులతో రాసిన పఠన సామగ్రిలో నాకు తెలిసినంతవరకు ఇదే మెరుగు. ఇగ్నోలోని విద్యా నిర్వహణ, పరిపాలన పీజీ డిప్లొమా దూరవిద్య. ప్రణాళిక, ఆర్థిక వ్యవహారాలు, సంస్థ నిర్వహణ గురించి క్రమంగా చదువుకోవాలనుకునేవారికి బాగుంటుంది, సాధన మాత్రం మీరే వెతుక్కోవాలి. ఎం.ఎడ్.లో విద్యా పరిపాలనను ప్రత్యేకాంశంగా తీసుకోవచ్చు గానీ, ఆ డిగ్రీ ప్రధానంగా బోధకులకు బోధించేవారిని తయారుచేయడానికి ఉద్దేశించింది. అహ్మదాబాద్ ఐఐఎం రవి మత్తయి కేంద్రం ప్రిన్సిపాళ్లకు స్వల్పకాలిక కార్యక్రమాలు నడుపుతుంది. అవి ఇప్పటికే కుర్చీలో ఉన్నవారికి ఎక్కువ ఉపయోగం. 2019లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన నిష్ఠా ఉపాధ్యాయ శిక్షణలో ప్రధానోపాధ్యాయులకు కూడా మాడ్యూళ్లు ఉన్నాయి. 2020 జాతీయ విద్యావిధానం హెచ్‌ఎంలకు ఏటా కనీసం 50 గంటల శిక్షణ ఉండాలని చెప్పింది. గంటలు లెక్కపెట్టడం తేలిక, అందుకే అవి ముందుగా పూర్తవుతాయి.

చేరే ముందు ఆ విశ్వవిద్యాలయానికి ఫోన్ చేసి ముఖ్యంగా రెండు విషయాలు అడగండి. ఇంటర్న్‌షిప్ ఎన్ని రోజులు, ఎవరి బడిలో? “మీ బడిలోనే ఒక ప్రాజెక్టు చేసి రిపోర్టు ఇవ్వండి” అన్నారంటే, అది బైండింగ్ చేసిన పుస్తకంగా ముగుస్తుందని అనుకోవచ్చు. మన సొంత బడిలో మనం అలవాటైన మనుషులం. అక్కడ మన తప్పులను ఎవరూ ఎత్తిచూపరు, మనకూ కనబడవు. కనీసం 30 పనిదినాలు వేరే బడిలో ఉండకుండా ఆ బడి స్టాఫ్ రూమ్ మీ ముందు మామూలుగా మాట్లాడదు. హెచ్‌ఎంగా చేరిన మొదటి ఏడాది నా వెంట ఎవరైనా ఉంటారా? అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. నెలకోసారైనా బడికి వచ్చి, లేదా ఫోన్‌లో అరగంట మాట్లాడే మెంటరు ఉంటే, కోర్సు ఫీజులో సగం దానికే చెల్లుతుంది. పాఠాలు చెప్పేవారిలో ఎప్పుడైనా బడి నడిపినవారు ఉన్నారా, ప్రవేశానికి డిగ్రీ, ఫీజు కాక మరేమైనా చూస్తారా అనేవి కూడా అడగండి. జవాబు చెప్పడానికి తడబడితే మీకే అర్థమవుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కోర్సు ఉపాధ్యాయ ఖాళీలను నింపదు. మా కార్యక్రమంలో అందరికంటే బాగా రాణించిన ఒక మాస్టారికి పదోన్నతి మీద దక్కిన బడిలో 9 సబ్జెక్టు పోస్టులకు 3 ఖాళీగా ఉన్నాయి. ఆరు నెలలు తిరగకుండా పక్క మండలానికి ఎంఈఓగా (మండల విద్యాధికారిగా) పూర్తి అదనపు బాధ్యతలు కూడా ఆయన మీద పడ్డాయి. వారంలో మూడు రోజులు మోటారుసైకిలు మీదే గడిచాయి. ఆ ఏడాది ఆయన నేర్చుకున్నదాంట్లో నిలబెట్టుకోగలిగింది ఒక్కటే: బుధవారం రెండో పీరియడు ఎవరు పిలిచినా వెళ్లకుండా ఒక తరగతిలో కూర్చోవడం. ఫలితాలు పెద్దగా మారలేదు. ఆయన అసమర్థుడని గానీ, కోర్సు వృథా అని గానీ నేను అనుకోను.

అందుబాటులో సరైన కోర్సు దొరకకపోతే రెండేళ్లు ఖాళీగా కూర్చోనక్కరలేదు. నీపా సామగ్రిని చదువుకుంటూ, ఇంటర్న్‌షిప్‌ను మీరే ఏర్పాటు చేసుకోవచ్చు. మీ స్కూల్ కాంప్లెక్స్‌లో మీరు గౌరవించే ఒక హెచ్‌ఎం గారిని అడిగి, అనుమతి తీసుకుని, మీ సెలవుల్లోంచే కొన్ని రోజులు వారి పక్కన కూర్చోండి. మీ హెచ్‌ఎం గారి దగ్గర వచ్చే జూన్ టైమ్‌టేబుల్ వేసే పని అడిగి తీసుకోండి. దాన్ని గుమాస్తా పని అనుకుంటారు గానీ, బడికి ఏది ముఖ్యమో తేలేది ఆ కాగితం మీదే. సాధారణంగా మంచి గణితం మాస్టారికి పదో తరగతి, కొత్తగా వచ్చినవారికి ఆరో తరగతి వేస్తాం. కూడికలు రాకుండా ఆరులోకి వచ్చిన పిల్ల పదో తరగతికి చేరేసరికి ఆ మంచి మాస్టారు కూడా చేయగలిగింది తక్కువ. ఒక్క సెక్షనుకైనా దీన్ని తిరగేసి చూడండి. ఎవరు అడ్డుపడతారో, ఏ కారణం చెప్పి అడ్డుపడతారో రాసుకోండి; రెండేళ్ల తరువాత మీ మొదటి స్టాఫ్ మీటింగులో ఎదురయ్యేవి అవే కారణాలు.

ఇక బెంచీల పటం సంగతి. ఇతరుల గదిలోకి వెళ్లే ముందు మీ గదిలోనే మొదలుపెట్టండి. పక్క సబ్జెక్టు మాస్టారిని వెనక కూర్చోబెట్టి మీ గీతలు లెక్కపెట్టమనండి. నావి మొదటిసారి లెక్కపెట్టించినప్పుడు 31 గీతల్లో 27 ముందు బెంచీల మీదే పడ్డాయి.